బిజినెస్ ప్లాన్ రాయాలంటే చివరి పేజీతో మొదలుపెట్టండి

బ్యాంకులో అప్పుల మంజూరు విభాగంలో పనిచేసినంత కాలం, నా బల్ల మీదికి వచ్చిన బిజినెస్ ప్లాన్లను నేను వెనక నుంచే చదివేదాన్ని. ముందు పేజీల్లో అందరూ ఒకేలా రాస్తారు: నాణ్యత, నిబద్ధత, శరవేగంగా పెరుగుతున్న మార్కెట్, అనుభవజ్ఞుల బృందం. వెనక పేజీల్లో నెలవారీ నగదు పట్టిక ఉంటుంది. చేతిలో డబ్బు అన్నిటికంటే అడుగంటే నెల ఏది? ఆ నెల గడవడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రెండింటికీ పట్టికలో జవాబు దొరికితే అప్పుడు మొదటి పేజీ తిప్పేదాన్ని. దొరక్కపోతే దరఖాస్తు పెట్టినవారిని పిలిపించి నోటితోనే అడిగేదాన్ని. చాలామంది, అలాంటి ప్రశ్న ఒకటుంటుందని ఇప్పుడే తెలిసినట్టు చూసేవారు. వాళ్ళలో మంచి వ్యాపారులు లేరని కాదు. రాయడం ముందు పేజీ నుంచి మొదలుపెట్టారు, వెనక పేజీకి వచ్చేసరికి ఓపిక అయిపోయింది, అంతే.

ఇప్పుడు ఉద్యోగం లేదు గానీ, తెలిసినవాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. వాళ్ళకు చెప్పే మాటలనే ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

బిజినెస్ ప్లాన్ అంటే, మీ వ్యాపారం గురించి మీరు పెట్టుకున్న ఊహలన్నిటినీ ఇంకొకరు ప్రశ్నించడానికి వీలుగా కాగితం మీద పెట్టడం. ఏం అమ్ముతాం, ఎవరికి అమ్ముతాం, ఎంతకు అమ్ముతాం, దాన్ని తయారుచేసి చేరవేయడానికి ఎంత ఖర్చవుతుంది, డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది, వచ్చేలోపు ఎలా నెట్టుకొస్తాం, ఎవరు ఏ పని చేస్తారు, ఎక్కడ దెబ్బతినవచ్చు. వీటికి జవాబులుంటే అది ప్లానే, నాలుగు పేజీలున్నా నలభై ఉన్నా. అది జోస్యం మాత్రం కాదు. రాసినది రాసినట్టు జరిగిన ప్లానును నేనైతే చూడలేదు. జరగనప్పుడు మన లెక్కలో ఏ గడి తప్పిందో వేలు పెట్టి చూపించగలగడానికే అది కాగితం మీద ఉండాలి.

ఎవరి కోసం రాస్తున్నారు

అప్పు కోసమో పెట్టుబడి కోసమో రాస్తారని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో అది మూడో కారణం.

మొదటి కారణం మీరే. తలలో ఉన్నంతసేపు ఏ ఊహా ఇంకో ఊహతో తగవు పడదు. 'ధర అందరికంటే తక్కువ పెడతాం', 'సేవ అందరికంటే బాగా చేస్తాం', 'మొదటి ఏడాది ఇద్దరమే చూసుకుంటాం' అనే మూడు మాటలు మనసులో హాయిగా కలిసి కాపురం చేస్తాయి. ఒకే పట్టికలో పక్కపక్కన అంకెలుగా రాసిన రోజున వాటిలో ఒకటి కుదరదని తేలుతుంది. ఆ తేలడం డబ్బు పెట్టకముందు జరిగితే పోయేది ఒక సాయంత్రం, అంతే.

రెండో కారణం మీ పక్కన ఉన్నవాళ్ళు. ఇద్దరు భాగస్వాముల్లో ఒకరు కొన్నేళ్ళలో కంపెనీని మంచి ధరకు అమ్మేసి బయటపడాలనుకుంటారు. మరొకరు దాన్ని తరాల పాటు నడపాలనుకుంటారు. వచ్చిన లాభాన్ని ఒకరు పంచుకుందామంటారు, ఇంకొకరు తిరిగి వ్యాపారంలోనే పెడదామంటారు. స్నేహంగా మాట్లాడుకున్నప్పుడు ఈ తేడా బయటపడదు, ఎందుకంటే ఇద్దరూ 'బాగా పెంచుదాం' అనే అంటారు. మూడో ఏడాది గడిలో ఏ అంకె వేయాలో కూర్చున్నప్పుడు బయటపడుతుంది. నడుస్తున్న కంపెనీలకూ ఇదే అవసరం. అమ్మకాలు చూసే వ్యక్తి తలలో వచ్చే ఏడాదికి ఒక అంకె ఉంటుంది, తయారీ చూసే వ్యక్తి తలలో ఇంకొకటి. ఒకరు ఆర్డర్లు ఒప్పుకుంటారు, మరొకరి దగ్గర యంత్రం ఉండదు. కొత్త శాఖ, కొత్త ఉత్పత్తి, పెద్ద యంత్రం కొనుగోలు... ఏదైనా సరే, దానికంటూ ఒక చిన్న ప్లాను రాసుకోని కంపెనీ వాటి ఖర్చును పాత వ్యాపారం లాభంలోంచి తనకు తెలియకుండానే తీసి పెడుతుంటుంది.

ఇక మూడో కారణం, డబ్బిచ్చేవాళ్ళు. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. అప్పిచ్చేవారికి మీరెంత ఎదిగినా వచ్చేది వడ్డీయే. కాబట్టి వాళ్ళు చెడ్డ సంవత్సరంలో వాయిదా ఎలా కడతారని చూస్తారు. వాటా తీసుకుని పెట్టుబడి పెట్టేవారికి మీ ఎదుగుదలలో భాగం ఉంటుంది. వాళ్ళు మంచి సంవత్సరంలో ఇది ఎంత పెద్దదవుతుందని చూస్తారు. అంకెలు ఇద్దరికీ అవే ఇవ్వాలి. ఏది ముందు చెప్పాలన్నది మారుతుంది. పెట్టుబడిదారుకు రాసిన కాగితాలనే నా దగ్గరికి తెచ్చి, పదింతలు పెరుగుతామని అరచేతిలో వైకుంఠం చూపించినవాళ్ళున్నారు. నాకు కావలసింది ఒక పెద్ద ఖాతాదారు మూడు నెలలు బకాయి ఎగ్గొడితే ఏం చేస్తారన్నది.

చదివేవారిని ఎరిగి రాయడానికి పాత ఉదాహరణ ఒకటి చెబుతాను. 1957లో కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ అనే ఇద్దరు ఇంజినీర్లు కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ పెట్టాలని, జార్జ్ డోరియో నడిపే అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అనే పెట్టుబడి సంస్థకు వెళ్ళారు. పెద్ద కంపెనీలే కంప్యూటర్లలో డబ్బు పోగొట్టుకుంటున్న కాలం కాబట్టి ప్లానులో ఆ మాటే వాడవద్దని అక్కడివాళ్ళు సలహా ఇచ్చారట. ఓల్సెన్, ఆండర్సన్ తమ ప్రతిపాదనను, ముందుగా ఇంజినీర్లకు పనికొచ్చే ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు (సర్క్యూట్ విడిభాగాలు) అమ్ముతామన్న మాట మీద నిలబెట్టారు. 70,000 డాలర్లు వచ్చాయి. ఆ కంపెనీయే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. దాని సంగతి కింద మళ్ళీ వస్తుంది.

ఇంకో కథ మీరు వినే ఉంటారు: 1968లో చిప్పులు తయారుచేసే ఇంటెల్ పుట్టినప్పుడు, దాని స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నోయిస్ టైపు చేసిన ప్లాను ఒక్క పేజీయేనని, ఆర్థర్ రాక్ అనే పెట్టుబడిదారు దాని మీద 25 లక్షల డాలర్లు సేకరించారని. నిజమే. 'మాకూ ఒక్క పేజీ చాలు' అనేవారికి నేను గుర్తుచేసేది ఒక్కటే. చిప్పు అని పిలిచే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను కనిపెట్టినవారిలో నోయిస్ ఒకరు, పక్కన ఉన్నది అదే రంగంలో పేరుమోసిన గోర్డన్ మూర్. మిగతా పేజీలు వాళ్ళ పేర్లలోనే ఉన్నాయి. మన పేరు చూసి ఎవరూ చెక్కు రాయరు కాబట్టి మన లెక్క మనం చూపించుకోవాలి.

ముందు ఒక్క అమ్మకం లెక్క తేల్చండి

కాగితం తీసుకుని కంపెనీ పేరు, ఆశయం రాయకండి. ఒక్క వస్తువు లేదా ఒక్క సేవ అమ్మితే ఏం మిగులుతుందో రాయండి. ధర 500 అనుకుందాం (ఏ దేశపు డబ్బయినా లెక్క ఒకటే). దాని ముడిసరుకు, తయారీ, ప్యాకింగు, రవాణా, అమ్మిపెట్టినవారి కమిషను కలిపి 300. అంటే ఒక్కో అమ్మకం మీద 200 మిగులుతుంది. అమ్మినా అమ్మకపోయినా నెలనెలా కట్టాల్సిన ఖర్చులు వేరే ఉంటాయి: అద్దె, జీతాలు, కరెంటు, బీమా, అప్పు మీద వడ్డీ. అవి నెలకు 80,000 అనుకోండి. ఎనభై వేలను రెండు వందలతో భాగిస్తే 400. నెలకు నాలుగు వందల అమ్మకాల దగ్గర లాభమూ లేదు, నష్టమూ లేదు. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు.

ఆ స్థిర ఖర్చుల్లో మీ జీతం వేశారా? నూటికి తొంభై మంది వేయరు అని అంకె చెప్పలేను గానీ, వేయనివాళ్ళే ఎక్కువగా తగిలారు. 'నాదే కదా వ్యాపారం, లాభంలోంచి తీసుకుంటాను' అంటారు. ఇంటి ఖర్చు లాభం కోసం ఆగదు. పైగా మీ స్థానంలో రేపు ఒక మేనేజరును పెట్టాల్సి వస్తే ఆ వ్యాపారం నిలబడుతుందో లేదో కూడా తెలియకుండా పోతుంది.

ఇప్పుడు ఇదే లెక్కలో ధరను పది శాతం తగ్గించి చూడండి. మొదట్లో గిరాకీ కోసం చాలామంది ఆలోచించే పనే అది. ధర 450 అవుతుంది, ఖర్చు 300 అలాగే ఉంటుంది, మిగిలేది 150. బ్రేక్ ఈవెన్ 400 నుంచి 534కు ఎగబాకుతుంది. పది శాతం తగ్గింపు ఇచ్చినందుకు మూడో వంతు ఎక్కువ అమ్మాలి, అదీ పాత చోటుకు చేరడానికే. 'తక్కువ ధరకు అమ్మి పోటీని గెలుస్తాం' అని రాసే ముందు ఈ భాగహారం చేసి, ఆ అదనపు అమ్మకాలు ఎక్కడి నుంచి వస్తాయో ఆ వాక్యం కిందనే రాయండి.

ఒక అలవాటు చెబుతాను. ప్లానులో వేసే ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో రాయండి. సరఫరాదారు ఇచ్చిన కొటేషనా, మీరు స్వయంగా కొలిచినదా, ఇప్పటికే చేసిన అమ్మకాల్లోంచి తీసినదా? ఏదీ కాకపోతే పక్కన ఎర్ర సిరాతో 'ఊ' అని రాయండి, ఊహ అని గుర్తు. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మొదటి ప్లానులో సగం అంకెలకు ఊ ఉంటుంది. ఏ ఊ మీద మొత్తం లెక్క ఆధారపడి ఉందో చూసి, డబ్బు ఖర్చుపెట్టే ముందు దాన్ని నిజం చేసుకునే పని పెట్టుకోవాలి. కొనేవారు 500 ఇస్తారన్నది ఊహ అయితే, అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మరేదీ లేదు.

నగదు పట్టిక

ఇక నేను మొదట తిప్పే పేజీ. దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు.

లాభం వేరు, చేతిలో డబ్బు వేరు అని అందరూ ఒప్పుకుంటారు, పట్టిక వేసేటప్పుడు మరిచిపోతారు. సరుకు పంపి బిల్లు రాసిన రోజున పుస్తకాల్లో అమ్మకం జరిగిపోయినట్టే, లాభం కనిపిస్తుంది. డబ్బు రెండు నెలల తర్వాత రావచ్చు. ముడిసరుకు వాడు, పనివారు, ఇంటి యజమాని అంతవరకు ఆగరు.

పై ఉదాహరణనే తీసుకుందాం. ధర 500, సరుకు ఖర్చు 300, స్థిర ఖర్చు నెలకు 80,000. మొదటి నెల 500 అమ్మకాలు, ఆపైన నెలకు వంద చొప్పున పెరుగుతాయి. ఏ వ్యాపారికైనా కలలో కూడా ఇంతకంటే మంచి ఆరంభం రాదు. కొన్నవారు రెండు నెలలకు డబ్బిస్తారు. సరుకు డబ్బు మాత్రం అదే నెల మనం కట్టాలి.

మొదటి నెల: బయటికి 2,30,000, లోపలికి సున్నా. లోటు 2,30,000.
రెండో నెల: బయటికి 2,60,000, లోపలికి సున్నా. మొత్తం లోటు 4,90,000.
మూడో నెల: బయటికి 2,90,000, లోపలికి 2,50,000. మొత్తం లోటు 5,30,000.
నాలుగో నెల: బయటికి 3,20,000, లోపలికి 3,00,000. మొత్తం లోటు 5,50,000.
అయిదో నెల: బయటికి 3,50,000, లోపలికి 3,50,000. మొత్తం లోటు 5,50,000.
ఆరో నెల: బయటికి 3,80,000, లోపలికి 4,00,000. మొత్తం లోటు 5,30,000.

ఈ ఆరు నెలల్లో పుస్తకాల ప్రకారం ప్రతి నెలా లాభమే. మొదటి నెల 20,000 నుంచి ఆరో నెల 1,20,000 దాకా, మొత్తం 4,20,000 లాభం. అదే ఆరు నెలల్లో చేతి నుంచి అయిదున్నర లక్షలు పెట్టనిదే తలుపులు తెరిచి ఉండవు. 'మొదటి నెల నుంచే లాభం, కాబట్టి రెండు లక్షలుంటే చాలు' అని బయల్దేరిన కంపెనీ, లాభాల్లో ఉండగానే మొదటి నెలాఖరుకే జీతాలివ్వలేక ఆగిపోతుంది.

ఇప్పుడు ఇదే పట్టికను రెండు రకాలుగా చెడగొట్టి చూడండి. మొదటి రకం: అమ్మకాలు ప్రతి నెలా అనుకున్నదానికంటే అయిదో వంతు తగ్గాయి. ఆరు నెలల లాభం 4,20,000 నుంచి 2,40,000కు పడిపోతుంది. కానీ లోటు అత్యధికంగా ఉన్న నెలలో కూడా 5,20,000 దాటదు; అమ్మకాలు తగ్గితే కొనే సరుకు కూడా తగ్గుతుంది కదా. రెండో రకం: అమ్మకాలు అనుకున్నట్టే జరిగాయి, డబ్బు మాత్రం రెండు నెలలకు బదులు మూడు నెలలకు వస్తోంది. లాభంలో ఒక్క పైసా తేడా లేదు. లోటు మాత్రం పెరుగుతూ పోయి ఏడో నెలలో 9,40,000 దగ్గర ఆగుతుంది.

అందరూ భయపడేది అమ్మకాలు తగ్గుతాయేమోనని. ఈ వ్యాపారంలో అంతకంటే పెద్ద గండం వసూళ్ళు నెల రోజులు ఆలస్యం కావడం. ఈ సంగతి వాక్యాలు రాస్తే తెలియదు, పట్టిక వేస్తేనే తెలుస్తుంది. తెలిశాక చేయాల్సిన పనులు కూడా అందులోంచే వస్తాయి: కొంత అడ్వాన్సు అడగడం, ముందే కట్టినవారికి చిన్న తగ్గింపు ఇవ్వడం, సరఫరాదారు దగ్గర నెల గడువు సంపాదించడం, ఒకే పెద్ద ఖాతాదారు మీద ఆధారపడకుండా ఉండడం. మీ వ్యాపారం రొక్కానికి అమ్మేదైతే ఈ కథ తిరగబడుతుంది. అక్కడ మీ గండం అమ్ముడుపోని నిల్వ సరుకు కావచ్చు. మీ పట్టికను మీరే చెడగొట్టి చూసుకోవాలి.

పట్టికలో తప్పకుండా ఉండాల్సినవి ఇంకొన్ని: పన్నులు కట్టే నెలలు, అప్పు అసలు వాయిదాలు (లాభనష్టాల పట్టికలో వడ్డీ కనిపిస్తుంది, అసలు కనిపించదు), యంత్రాల కొనుగోలు, ఏడాదికోసారి వచ్చే బీమా. మొదటి పన్నెండు నెలలకు నెలనెలా వేయండి. రెండో ఏడాది మూడు నెలలకోసారి చాలు. ఆ తర్వాత ఏడాదికోసారి. అయిదో సంవత్సరం అక్టోబరులో టెలిఫోను బిల్లు ఎంతో రాసిన ప్లానులు వచ్చేవి నా దగ్గరికి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో బోధించిన విలియం సాల్మన్ 1997లో, చాలా బిజినెస్ ప్లాన్లు అంకెల మీద సిరా ఎక్కువ ఖర్చుచేస్తాయని, నిజంగా తెలియాల్సిన సంగతుల మీద తక్కువని విమర్శించారు. చూడాల్సినవి నాలుగని ఆయన అన్నారు: మనుషులు, అవకాశం, చుట్టూ ఉన్న పరిస్థితి, లాభనష్టాల అవకాశాలు. దూరపు సంవత్సరాల అంకెల విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. దగ్గరి పన్నెండు నెలల విషయంలో మాత్రం నేను అంకెల పక్షమే.

మార్కెట్ గురించి

'ఈ మార్కెట్ విలువ ఇన్ని వేల కోట్లు. అందులో మేము ఒక్క శాతం సాధించినా చాలు.' ఈ వాక్యం మీ ప్లానులో ఉంటే కొట్టేయండి. ఆ ఒక్క శాతం ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వరు. కింద నుంచి లెక్కపెట్టండి: అమ్మకాలు చూసే ఒక మనిషి రోజుకు ఎంతమందిని కలవగలడు, వారిలో ఎందరు ధర అడుగుతారు, ఎందరు కొంటారు, కొన్నవారిలో ఎందరు మళ్ళీ వస్తారు. ఈ లెక్కలో వచ్చే అంకె చిన్నదిగా ఉంటుంది, నమ్మడానికి వీలుగా కూడా ఉంటుంది.

'మాకు పోటీ లేదు' అన్నది ఇంకో వాక్యం. మీ వస్తువు లేని ఇన్నాళ్ళూ కొనేవారు ఆ అవసరాన్ని ఏదో విధంగా తీర్చుకుంటూనే ఉన్నారు. ఆ పాత పద్ధతే మీ పోటీ. దాని ఖర్చు ఎంత, దానితో వాళ్ళకు ఉన్న ఇబ్బంది ఏమిటి, మారడానికి వాళ్ళకు ఎంత శ్రమ అన్నది రాయండి.

ప్రతి ఊహకూ తేదీ వేయండి, ఎందుకంటే ఊహలకు వయసు మీద పడుతుంది. ఇరిడియం అనే ఉపగ్రహ ఫోను కంపెనీ కథ అదే. భూమి మీద ఎక్కడి నుంచైనా ఉపగ్రహాల ద్వారా ఫోను చేసుకోవచ్చన్న ఆలోచన 1980ల చివర్లో పుట్టింది. అప్పటికి మొబైల్ ఫోను సిగ్నల్ చాలా చోట్ల దొరకదు, దేశం దాటితే పనిచేయదు. తరచూ ప్రయాణించే వ్యాపారులు కొంటారన్న ఊహ సబబుగానే ఉంది. 66 ఉపగ్రహాలను పైకి పంపి, 1998 నవంబరులో సేవలు మొదలుపెట్టేసరికి దాదాపు 500 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఈలోగా నేల మీద మొబైల్ టవర్లు నగరాలన్నిటినీ కప్పేశాయి. ఇరిడియం ఫోను బరువుగా ఉండేది, ధర 3,000 డాలర్ల దాకా పలికింది, భవనాల లోపల సరిగా పనిచేసేది కాదు. 1999 ఆగస్టులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. సాంకేతికంగా అది గొప్ప పని. ఆ ఉపగ్రహాలు తర్వాత వేరే యాజమాన్యం కింద నౌకలకు, విమానాలకు, సైన్యానికి ఉపయోగపడ్డాయి కూడా. కానీ మొదటి ప్లానులో ఉన్న కొనుగోలుదారు, నిర్మాణం జరుగుతున్న పదేళ్ళలో మెల్లగా జారిపోయాడు. మీ పని పదేళ్ళు పట్టకపోవచ్చు. ఏడాది పట్టినా, 'ఈ సంగతి ఇంకా నిజమేనా' అని మధ్యలో అడగాల్సిన ఊహలు ఏవో ప్లానులోనే గుర్తుపెట్టుకోండి.

డబ్బును మెట్లు మెట్లుగా

మొత్తం పెట్టుబడి ఒక్కసారి దించకండి. ఏ సంగతి రుజువైతే తర్వాతి డబ్బు ఖర్చుపెట్టాలో ప్లానులో రాయండి. పైన చెప్పిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ వాళ్ళు మాడ్యూళ్ళు అమ్మి, అవి కొనేవారున్నారని తేలాక, 1959 చివరికి పీడీపీ-1 అనే తమ మొదటి కంప్యూటర్ నమూనాను చూపించారు. మొదటి మెట్టు రెండో మెట్టుకు డబ్బునీ, అనుభవాన్నీ, ఖాతాదారులనీ ఇచ్చింది.

దీనికి సరిగ్గా ఎదురుదారిలో వెళ్ళింది వెబ్‌వాన్. ఇంటర్నెట్‌లో కిరాణా ఆర్డర్లు తీసుకుని ఇంటికి చేర్చే కంపెనీ. 1999 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సేవలు మొదలుపెట్టి, మరుసటి నెలలోనే బెక్టెల్ అనే నిర్మాణ సంస్థతో 26 భారీ గిడ్డంగులు కట్టేందుకు వంద కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మొదటి గిడ్డంగి తన ఖర్చు తాను రాబట్టుకోగలదా అన్నది తేలకముందే. గిడ్డంగి నిండుగా పనిచేసేన్ని ఆర్డర్లు రాలేదు; 2001 జూలైలో దివాలా తీసింది. ఇంటికి సరుకులు చేర్చే వ్యాపారం తర్వాత చాలామంది చేశారు, అంటే ఆలోచనలో తప్పేమీ లేదు. మొదటి మెట్టు మీద కాలు నిలవకుండానే ఇరవై ఆరో మెట్టుకు డబ్బు కట్టారు.

మీ ప్లానులో ఇలా ఉండాలి: 'రెండో యంత్రం కొనేది, మొదటి యంత్రం వరుసగా మూడు నెలలు పూర్తి సామర్థ్యంలో నడిచాకే.' దాని పక్కనే ఆగిపోయే గీత కూడా రాయండి: 'ఇన్ని నెలలకు ఇన్ని అమ్మకాలు రాకపోతే, చేతిలో ఇంత మిగిలి ఉండగానే ఆపేస్తాం.' ఇది రాయమంటే అపశకునంలా భావిస్తారు. మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసుకోని గీతను, అప్పులవాళ్ళు తలుపు తడుతున్నప్పుడు గీయడం ఎవరి వల్లా కాదు.

మిగతా పేజీలు

మనుషుల గురించి రాసేటప్పుడు డిగ్రీల జాబితా వద్దు. ఈ వ్యాపారంలో కష్టమైన పనులు మూడో నాలుగో ఉంటాయి. వాటిలో ఏది ఎవరు ఇదివరకు చేశారు, ఏది చేయగలవారు ఇంకా దొరకలేదు అన్నది రాయండి. దొరకలేదని రాసిన ప్లానును నేను ఎక్కువ నమ్మేదాన్ని. తయారీ, సరఫరా, అనుమతులు, పన్ను నమోదు గురించి పనికొచ్చినంత రాస్తే చాలు. కంపెనీ చరిత్ర, ఆశయం ఒక పేరాలో ముగించండి.

ముందు పేజీలో వచ్చే సారాంశం అన్నిటికంటే చివర రాయాలి. ఏం అమ్ముతాం, ఎవరికి, ఇప్పటివరకు ఏం రుజువైంది, ఎంత డబ్బు కావాలి, దేనికి, తిరిగి ఎలా వస్తుంది. ఒక పేజీ దాటకూడదు. రాశాక మీ రంగం తెలియని, మీరంటే మొహమాటం లేని మనిషికి ఇచ్చి, చదివాక మీ వ్యాపారం ఏమిటో వాళ్ళనే చెప్పమనండి. వాళ్ళు తడబడిన చోట మళ్ళీ రాయండి. రంగు రంగుల అట్టకు పెట్టే డబ్బు మిగుల్చుకోండి. ఇంకొకరి చేత ప్లాను రాయించుకోవడం గురించి కూడా చాలామంది అడుగుతారు. భాష దిద్దించుకోవచ్చు, పట్టిక సూత్రాలు సరిచూపించుకోవచ్చు. ఊహలు మాత్రం మీవే అయి ఉండాలి, ఎందుకంటే బల్లకు అవతలి మనిషి అడిగే రెండో ప్రశ్నకే అద్దె కలం ఆగిపోతుంది.

రాశాక ఏం చేయాలి

ప్లాను మీద తేదీ వేసి, ఒక ప్రతిని ముట్టుకోకుండా దాచండి. నెలాఖరున ఇంకో ప్రతి తీసి, ప్రతి ముఖ్యమైన అంకె పక్కన మూడు గడులు పెట్టండి: అనుకున్నది, జరిగింది, ఎందుకు. మొదటి రెండూ ఏ గుమాస్తా అయినా నింపగలడు. మూడోది మీరు నింపాలి. 'మార్కెట్ బాగోలేదు' అన్నది జవాబు కాదు. 'ముగ్గురు పాత ఖాతాదారులు ఆర్డరు వాయిదా వేశారు, వారిలో ఇద్దరు ధర గురించి అడిగారు' అన్నది జవాబు. నిజం తెలిసిన అంకె పక్కన ఎర్ర ఊ కొట్టేసి, అసలు అంకె వేయండి. తేడా పెద్దదైతే ఆ నెల నుంచి పట్టిక మళ్ళీ నడిపించి, అడుగంటే నెల అనుకున్నదానికంటే ముందే వస్తోందా అని చూడండి. నష్టం వచ్చిన నెలల్లోనే ఈ పని చేసేవారున్నారు. అనుకున్నదానికంటే ఎక్కువ అమ్మిన నెలలో కూడా చేయాలి. పై పట్టిక చూశారు కదా, పెరుగుదల కూడా డబ్బు మింగుతుంది.

అప్పు తీసుకుని ఉంటే, వాయిదా తప్పబోతోందని పట్టిక మూడు నెలల ముందే చూపిస్తుంది. అప్పుడే బ్యాంకుకు వెళ్ళండి. ముందుగా వచ్చినవారికి వాయిదాల గడువు సవరించడానికో, కొంతకాలం వడ్డీ మాత్రమే కట్టించుకోవడానికో పరిశీలించే వీలుంటుంది. తప్పిన తర్వాత వచ్చినవారి ఫైలు వేరే బల్ల మీదికి పోతుంది. వెళ్ళేటప్పుడు సవరించిన ప్లానుతో పాటు పాత ప్లాను, మూడు గడుల పట్టిక కూడా పట్టుకెళ్ళండి. అవతల నాలాంటి మనిషి కూర్చుని ఉంటే మొదట అడిగేది పాతదే.